సరియైన సావాసము
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)

 

ఉగాది సభలో ఏదైనా మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినారు. మేము ఎంచుకొన్న విషయము విని కొంచెము తటపటాయించినారు. "పండుగపూట తాగుడు సంగతి ఎందుకండీ?" అన్నారు. "ఉగాదినాడు వేపపువ్వు నోట వేసుకొనని ఇల్లు మన తాలూకాలో ఉన్నదా?" అని మేము అడిగినాము. ఆయన నవ్వి ఒప్పుకొన్నారు.

మేము వైద్యులము కాము, పండితులమూ కాము. మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేయుచున్నవారము. మా సెక్షనులో పనిచేయు మిత్రుడు ఒకరు తాగుడు మానదలచినప్పుడు ఆయనతో కలిసి తిరిగి చూచినది కొంత, చదివి తెలుసుకొన్నది కొంత, రెండును కలిపి మీ ముందు పెట్టుచున్నాము. తాగుడు మానదలచినవారికి తోడునిచ్చే సమావేశములు ఎట్టివి? వానిలో తనకు తగినదానిని ఎట్లు వెదకుకొనవలెను? మన ఊరివైపు అట్టిది దొరకకపోతే ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలే నేటి మా విషయము.

మన సంగతి మనకు తెలియనిది కాదు. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే, గాని మూడు వైపుల ఆంధ్రదేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. వాన ఎగగొట్టిన ఏడు శనక్కాయ పంట పోవును, బోరులో నీరు పోవును, మగవారు బెంగుళూరు బస్సు ఎక్కుదురు. తిరుమణి చుట్టుప్రక్కల 13,000 ఎకరములలో సూర్యరశ్మి విద్యుత్ కేంద్రము 2018 లో ప్రారంభమైనది. భూమి ఇచ్చిన రైతుకు ఏటేటా కౌలు వచ్చుచున్నది. భూమిలేని కూలివానికి కౌలు ఎక్కడిది? అతడు ఇక్కడికే వచ్చును. ఒక గదిలో అయిదుగురు కలిసి ఉందురు. భార్యాబిడ్డలు ఊరిలో, ముసలి తల్లి ఊరిలో. శనివారము సాయంత్రము కూలి చేతికి వచ్చును, ఆదివారము పని ఉండదు. మధ్యన ఉన్న ఆ రాత్రి ఎట్లు గడచునో మనలో చాలమందికి తెలుసును.

ఇది మన ఒక్కరి కష్టము కాదు. కేంద్ర ప్రభుత్వము ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులచేత దేశమంతట విచారణ చేయించి 2019 లో ప్రకటించిన నివేదికను బట్టి, మన దేశమున మద్యము పుచ్చుకొనువారు సుమారు 16 కోట్లమంది. అందులో తాగుడువలన చిక్కులలో పడి సహాయము అవసరమైనవారు 5 కోట్ల 70 లక్షలు. ఇక తాగుడుకు పూర్తిగా లొంగిపోయినవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స అందినదని చెప్పినారట. తక్కిన 37 మంది ఎక్కడ ఉన్నారు? మన ఇండ్లలోనే ఉన్నారు. "మావాడికి ఒంట్లో బాగులేదు" అని చెప్పి మనము తలుపు వేసుకొనుచున్నాము.

కుష్ఠు వ్యాధి వచ్చినవానిని ఊరి వెలుపల ఉంచిన కాలము మన పెద్దలకు జ్ఞాపకముండును. పావగడలోని రామకృష్ణ సేవాశ్రమమువారి గ్రామీణ ఆరోగ్య కేంద్రములో కుష్ఠు రోగులకు, క్షయ రోగులకు ఎన్నో ఏండ్లుగా సేవ జరుగుచున్నది. దాచిపెట్టిన రోగము ముదురును, బయట పెట్టిన రోగము మందుకు లొంగును అని మన తాలూకా కన్నులార చూచినది. తాగుడును వ్యాధిగా చూడవలెనని అమెరికా వైద్య సంఘము 1956 లోనే చెప్పినది. ఈ మాట మన గడపలలోనికి రావలసి ఉన్నది.

"ప్రభుత్వము అంగళ్లు మూసివేస్తే సరిపోదా?" అని కొందరు అడుగుదురు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొన్న ఆడవారు 1992 లో సారా పాకలకు ఎదురు నిలిచినారు. వర్ధినేని రోశమ్మగారి పేరు దేశమంతట వినబడినది. 1993 అక్టోబరులో ఆంధ్రలో సారాయి నిషేధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997 లో సడలిపోయినది. కర్ణాటకలో 2007 జూలైలో సారాయి నిలిపివేసినారు, సీసా మద్యము నిలువలేదు. ఆ తల్లుల పోరాటము గొప్పది, దానిని తక్కువ చేయము. గాని సరిహద్దు తాలూకావారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒకవైపు అంగడి మూసితే గట్టు దాటి మరొకవైపు పోవచ్చును. చట్టము అంగడిని మూయగలదు, మనిషి లోపలి దాహమును మూయలేదు. దానికి మనుష్యులే కావలెను.

ఇప్పుడు ఒక ముఖ్యమైన హెచ్చరిక. సమావేశము సంగతి తరువాత, ముందు వైద్యుడు. ఏండ్ల తరబడి ప్రతిదినము తాగుచున్నవాడు ఒట్టు పెట్టుకొని ఒక్కసారిగా మానివేయుట ప్రమాదకరము. చివరి గుక్క తాగిన ఆరు గంటలు మొదలు ఒక దినము లోపల చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. రెండు దినముల లోపల ఫిట్స్ రావచ్చును. రెండవనాటినుండి నాలుగవనాటి లోపల కొందరికి మతి చలించి, లేనిది కనబడి, లేనిది వినబడును. అప్పుడు ప్రాణమునకే ముప్పు. దయ్యము పట్టినదని మంత్రగాని వద్దకు తీసుకొనిపోయి మనుష్యులను పోగొట్టుకొన్న ఇండ్లు ఉన్నవి. అది దయ్యము కాదు, మద్యము అలవాటైన మెదడు మద్యము లేక తల్లడిల్లుట. ఆసుపత్రిలో నాలుగైదు దినములు మందులు, బి-1 విటమిను ఇచ్చి ఈ గండము దాటింతురు. తాలూకా ఆసుపత్రిలో అడుగవచ్చును. బెంగుళూరులో నిమ్హాన్స్‌లో దీనికే ప్రత్యేక విభాగమున్నది. ఫోనులో సలహా కావలెనన్న 14416 అను టెలీ మానస్ సంఖ్య 2022 అక్టోబరునుండి పనిచేయుచున్నది. తెలుగులోను కన్నడములోను మాట్లాడవచ్చును. మత్తు మానుటకు ప్రత్యేకముగా 14446 ఉన్నది. రెండింటికిని కాసు ఖర్చు లేదు.

మరొక మాట. తాగుడు మాన్పింతుమని చెప్పి మనిషిని గొలుసుతో కట్టివేసి కొట్టు చోట్లు ఎక్కడైనా ఉన్నచో అవి చికిత్సాలయములు కావు. 2017 మానసిక ఆరోగ్య చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. మీవానిని ఎక్కడైనా చేర్పించుటకు ముందు మీరు లోపలికి పోయి చూడవచ్చునా, వైద్యుడు ప్రతిదినము వచ్చునా అని అడుగుడు. చూడనీయనిచో చేర్పించవద్దు.

సరే, ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినాడు. చేతులు వణకుట లేదు, ముఖమున కళ వచ్చినది. ఇంక భయము లేదని ఇంటివారు అనుకొందురు. భయము అప్పుడే మొదలు. అదే గది, అదే వీధి, అదే శనివారము. పాత స్నేహితులు పిలుచుదురు, క్రొత్త స్నేహితులు లేరు. ఈ ఖాళీని నింపుటకే సమావేశములు.

వీనిలో పెద్దది ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు చెప్పుకొనని తాగుబోతుల సహవాసము. దాని పుట్టుక తెలిస్తే దాని కీలకము కూడ తెలియును. 1935 మే నెలలో బిల్ విల్సన్ అను న్యూయార్కు షేరు వ్యాపారి పనిమీద అమెరికాలోనే ఆక్రన్ అను ఊరికి పోయినాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగుడు మానియున్నాడు. పని చెడినది. హోటలు వసారాలో ఒంటరిగా నిలబడియున్నాడు, ప్రక్కన బారులోనుండి నవ్వులు వినవచ్చుచున్నవి. మరల తాగుదునేమో అను భయము పుట్టినది. అప్పుడు అతడు చేసిన పని వింతగా ఉండును. టెలిఫోను వద్దకు పోయి, ఆ ఊరి చర్చీలవారికి ఫోను చేసి, "నాకు మరొక తాగుబోతును చూపింపుడు, మాట్లాడవలెను" అన్న అర్థమున అడిగినాడు. వారి మూలముగా డాక్టరు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని వద్దకు చేరినాడు. ఆ డాక్టరుకు ఉపదేశములు విని విని విసుగు పుట్టియుండెను. పదిహేను నిమిషములు మాత్రమే కూర్చుందునన్నాడు. కూర్చున్నది గంటలకొద్ది. ఏలయన, ఎదుటివాడు ఉపదేశము చేయలేదు, తన కథ చెప్పుకొన్నాడు. డాక్టరుగారు చివరిసారి తాగినది 1935 జూన్ 10. ఆ దినమునే ఆ సంఘము పుట్టినరోజుగా ఎంచుదురు. తరువాత వారిద్దరును కలిసి ఆసుపత్రిలో మూడవవానిని వెదకినారు. 1939 లో తమ పద్ధతిని పుస్తకముగా వేసినారు. మన దేశమున 1957 లో బొంబాయిలో అది వేళ్లూనినది.

ఈ కథలోని కీలకము ఏమనగా, పడి లేచినవాని మాట పడినవానికి ఎక్కును. భార్య చెప్పితే సాధింపు, తండ్రి చెప్పితే తిట్టు, మేస్త్రి చెప్పితే బెదిరింపు. తనవలెనే తాగి, తనవలెనే భార్య పుస్తెలు తాకట్టు పెట్టినవాడు చెప్పితే తలయెత్తి వినును. పైగా చెప్పినవానికి కూడ మేలే, మరల పడకుండ తన్ను తాను కాపాడుకొనును. ఇది ఊరక నమ్మకము మాత్రమే కాదు. 27 పరిశోధనలను, పదివేలకు పైగా మనుష్యుల వివరములను కోక్రేన్ సంస్థవారు పరిశీలించి 2020 లో ప్రకటించినారు. ఈ సహవాసములో రోగిని చేర్పించు చికిత్సా పద్ధతులు తక్కిన చికిత్సలకు తీసిపోలేదనియు, పూర్తిగా మానియుండు విషయమున కొంత మెరుగనియు తేల్చినారు.

ఇక దాని నియమములు. సభ్యత్వమునకు కావలసినది ఒక్కటే, తాగుడు మానవలెనను కోరిక. రుసుము లేదు, దరఖాస్తు లేదు, కులము మతము అడుగరు. గది అద్దెకు, తేనీటికి ఒక సంచి త్రిప్పుదురు, ఇష్టమున్నవారు వేయుదురు. బయటివారి చందా ఎంత పెద్దదైనను పుచ్చుకొనరు. అక్కడ విన్నది అక్కడే విడిచిపెట్టవలెను. పేరు సగము చెప్పిన చాలును. మాట్లాడుట ఇష్టము లేనిచో "నేడు విందును" అని ఊరకుండవచ్చును. సమావేశములు రెండు విధములు. ఒకటి తాగుడు మానదలచినవారికి మాత్రమే. రెండవది అందరికిని తెరచినది, అక్కడికి భార్యయు, తమ్ముడును, మావంటి స్నేహితుడును పోవచ్చును. క్రొత్తవారు తోడుతో పోదలచినచో ఈ రెండవదానిని అడిగి పోవలెను.

ఇప్పుడు తగినదానిని వెదకుట. మా మిత్రుని సంగతి చెప్పుదుము; ఆయన అనుమతితోనే చెప్పుచున్నాము, పేరు మాత్రము చెప్పము. మొదట పోయిన సమావేశము ఇంగ్లీషులో జరిగినది. అందరు మర్యాదస్థులే, ఒక గంటసేపు వెనుక బల్లమీద కూర్చున్నాడు. బయటికి వచ్చి, "అది చదువుకున్నోళ్ల కూటమి. మనకు సరిపోదులే" అన్నాడు. రెండవది కన్నడములో. మాటలు మనసుకు పట్టినవి, గాని అది సాయంత్రము ఏడు గంటలకు. ఆయనకు వారము విడిచి వారము ఆ వేళకే డ్యూటీ. పైగా బస్సు దిగి నడచు దారిలో మూడు మద్యపు అంగళ్లు. "పోయేటప్పుడు తప్పించుకుంటా, వచ్చేటప్పుడు ఎట్లా?" అన్నాడు. అది సరియైన ప్రశ్నయే. మూడవది ఆదివారము ఉదయము, ఒక చర్చి ప్రక్క గదిలో. తెలుగు, కన్నడము, తమిళము కలగలుపు మాటలు. ఈయన చెప్పులు విడువక గడపలోనే నిలబడినాడు. లోపలినుండి ఒక ముసలి ఆటో డ్రైవరు లేచి వచ్చి, "రా నాయనా. నేను మొదటి వారం గడపే దాటలేదు" అన్నాడు. మన యాస విని ఈయన చెప్పులు విడిచినాడు.

దీనినుండి మేము గ్రహించినవి కొన్ని.

మొదటిది భాష. మనిషి తన సిగ్గును తల్లిభాషలోనే విప్పగలడు. తెలుగు సమావేశము దొరకకపోతే కన్నడమైనను మేలే, మనకు రెండును వచ్చును. అర్థము కానిచోట మర్యాదగా కూర్చుండుట చికిత్స కాదు.

రెండవది వేళ, దారి. షిఫ్టు పనివారు, మేస్త్రి పనివారు తమకు ఎప్పుడు గండమో చూచుకొని ఆ వేళకు దగ్గరి సమావేశమును వెదకవలెను. శనివారము రాత్రి గండమైతే శనివారము సాయంత్రమే మేలు. పోవు దారి కూడ చూచుకొనవలెను. నాలుగు వీధులు చుట్టైనను అంగడి లేని దారియే దగ్గరి దారి.

మూడవది, ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదు. ఆరు సమావేశములైనను చూడుమని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఒక రైలు మన స్టేషనులో ఆగలేదని ప్రయాణము మానుకొందుమా? తరువాతి పాసింజరు చూచుకొందుము.

నాలుగవది దైవము. ఆ సంఘమువారి పండ్రెండు మెట్లలో దేవుని ప్రస్తావన ఉన్నది, ఎవరికి తోచిన దైవము వారిదే. చర్చి గదిలో జరిగినంతమాత్రాన అది క్రైస్తవ సభ కాదు, గది అద్దెకు దొరికినది అంతే. మన శనిమహాత్మునికి మ్రొక్కువాడు అట్లే మ్రొక్కుకొనవచ్చును. దైవమాటయే గిట్టనివారికి వేరు మార్గములున్నవి. 1994 లో అమెరికాలో మొదలైన స్మార్ట్ రికవరీ అను సంస్థవారు దైవప్రస్తావన లేకుండ, మనసును అదుపు చేయు అభ్యాసములతో సమావేశములు నడుపుదురు. స్త్రీలకొరకు 1975 లో విమెన్ ఫర్ సోబ్రైటీ అనునది పుట్టినది. వీనిలో కొన్నింటికి ఇంటినుండి ఇంటర్నెట్టు మూలముగా పాల్గొనవచ్చును. ఆడవారు తాగుడులో చిక్కుకొనరని అనుకొనుట పొరపాటు. చిక్కుకొన్నవారు మగవారికన్న ఎక్కువగా దాచుకొందురు. వారికి స్త్రీలు కూర్చున్న చోటు వెదకిపెట్టుట మన ధర్మము. మార్గము చూపు తోడు కూడ స్త్రీకి స్త్రీయే ఉండుట మంచిది.

అయిదవది, విడిచి రావలసిన చోటు. గ్యారంటీగా మాన్పింతుమని డబ్బు అడిగిన చోట, డాక్టరు ఇచ్చిన మందులు పారవేయుమన్న చోట, ఒకరి గుట్టు మరొకరికి చెప్పిన చోట, ఓట్లకో వ్యాపారమునకో మనుష్యులను కూడగట్టిన చోట కూర్చుండవద్దు. లేచి నమస్కారము పెట్టి వచ్చివేయుడు. తప్పు సమావేశములది కాదు, ఆ ఒక్క చోటుది.

చిరునామాలు ఎక్కడ దొరకును? ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి భారతదేశ కార్యాలయము ముంబయిలో ఉన్నది. ఇంటర్నెట్టులో చూడవచ్చును, నిమ్హాన్స్‌లోను ఇతర చికిత్సాలయములలోను అడుగవచ్చును. పోవుటకు ముందు ఫోను చేసి వేళ రూఢి చేసికొనుడు. పాత టైంటేబిలు నమ్మి ప్లాటుఫారము మీద నిలబడిన ప్రయాణికుని గతి ఏమగునో మా ఉద్యోగములో దినదినము చూచుచున్నాము. తాగుడు మానదలచి మొదటిసారి బయలుదేరినవాడు తాళము వేసిన తలుపు చూచి తిరిగి పోయినచో, మరల ఎప్పుడు వచ్చునో చెప్పలేము.

ఇంటివారి మాట చెప్పకపోతే ఈ ప్రసంగము సగమే. తాగువాడు ఒకడు, బాధపడువారు అయిదుగురు. మేము ఇంజను నడుపువారిని డ్యూటీ ఎక్కకముందు ఊపిరి పరీక్ష చేయుదుము. సంసారము నడుపువానికి ఆ పరీక్ష చేయునది ఎవరు? గుమ్మములో అతని అడుగుల చప్పుడు వినియే పసిపిల్లలు చేయుదురు. అందుకే 1951 లో తాగువారి కుటుంబములకొరకు ఆల్-అనాన్ అను వేరు సహవాసమును పెట్టినారు. దానిని స్థాపించినవారిలో ఒకరు బిల్ విల్సన్ భార్య లోయిస్. పిల్లలకొరకు 1957 లో అలటీన్ వచ్చినది. మన దక్షిణమున, భర్తను తాగుడుకు పోగొట్టుకొన్న శాంతి రంగనాథన్‌గారు 1980 లో మద్రాసులో చికిత్సాలయము స్థాపించినారు. 1992 లో ఆమెకు పద్మశ్రీ వచ్చినది. ఇంటివారికి కూడ చికిత్స కావలెనను మాట అక్కడ మొదటినుండి ఆచరణలో ఉన్నది. వదినమ్మలకు, అక్కలకు మా మనవి: అతడు మానినను మానకపోయినను మీరు పోవచ్చును. అతడు తాగుట మీ తప్పు కాదని అక్కడ నలుగురు చెప్పుదురు. ఇంకొక మాట. తాగితే వాంతి వచ్చు బిళ్లను సాంబారులో రహస్యముగా కలుపుట ప్రమాదము. ఆ మందు వేసికొన్నవాడు తెలియక తాగినచో గుండెకే ముప్పు రావచ్చును. వైద్యుడు చెప్పి, రోగికి తెలిసి, అతడు ఒప్పుకొన్నప్పుడే అది మందు.

ఇక మూడవ ప్రశ్న, మన ఊరివైపు ఏమి చేయవలెను? వై.ఎన్. హొసకోటెనుండియో నాగలమడికెనుండియో తుమకూరు పోయి రావలెనన్న ఒక దినము కూలి పోవును. ప్రతివారము అది సాగదు. కర్ణాటకలో పల్లెలకు తగిన పద్ధతి ఒకటి నడచుచున్నది. 1982 లో డాక్టరు వీరేంద్ర హెగ్గడేగారు మొదలుపెట్టిన ధర్మస్థళ గ్రామాభివృద్ధి యోజనవారు, జనజాగృతి వేదికె మూలముగా ఊళ్లలో మద్యవర్జన శిబిరములు నడుపుదురు. సుమారు వారము దినములు అక్కడే ఉంచి, భోజనము పెట్టి, మాటలతో, భజనతో, వైద్యుని సాయముతో మాన్పించి పంపుదురు. అందులో మాకు నచ్చినది తరువాతి భాగము. మానినవారందరు తమ ఊరిలో నవజీవన సమితిగా ఏర్పడి కలుసుకొనుచుందురు. ఆక్రన్‌లో ఇద్దరు చేసినదే ఇక్కడ చావడి అరుగుమీద జరుగుచున్నదన్న మాట.

అట్టిదియు దగ్గర లేనిచో? మానదలచినవారు ఇద్దరు ముగ్గురు కూడిన చాలును, అదియే సమావేశమగునని ఆ సంఘమువారి సంప్రదాయము. భవనము అక్కరలేదు. వేపచెట్టు క్రింద బండ చాలును. ఫోనులో మాట్లాడుకొన్నను చాలును. మా మిత్రుడు మానిన అయిదవ నెలలో ఊరి జాతరకు పోయినాడు. "పండగపూట ఒక్క గ్లాసు తాగితే ఏమైతాది మామా" అని ప్రేమగానే పోసినారు. మూడు దినములు లేవలేదు. తిరిగి వచ్చి ఆదివారము గదిలోనికి తల వంచుకొని పోయినాడు. ఎవ్వరును ఏమియు అడుగలేదు. ఆటో డ్రైవరు కుర్చీ జరిపి, తేనీరు చేతికిచ్చినాడు. ఆనాటినుండి పద్నాలుగు నెలలు గడచినవి. ఇప్పుడు ఊరికి పోవునప్పుడు రాను పోను టికెట్టు ముందే తీసికొనును, ఉదయము సాయంత్రము ఆ పెద్దాయనకు ఫోను చేయును, రాత్రి జాతరలో నిలువడు. మరల పడుట జరుగవచ్చును. పడినవాడు తిరిగి రాగల చోటు ఒకటి ఉండవలెను. అదియే సరియైన సమావేశమునకు అసలైన గురుతు.

చివరగా మన సంఘమునకు మూడు మనవులు చేయుచున్నాము. ఒకటి, వారమున ఒక గంట మన సంఘము గదిని ఇట్టి సమావేశమునకు ఇయ్యవలెను. ఊరక ఇచ్చిన వారు పుచ్చుకొనరు, కనుక కొద్దిపాటి అద్దె తీసికొనుడు. ఆ గంటసేపు కార్యవర్గమువారు ఎవరును లోపలికి తొంగిచూడవద్దు. రెండు, ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెండ్రు ముందుకు వచ్చి, మొదటిసారి పోవువారికి గుమ్మము వరకు తోడు పోవలెను. మేము ఒకరముగా పేరు ఇచ్చుచున్నాము. మూడు, మన పెండ్లిండ్లలో, జాతరలలో, గదులలో "ఒక్క గ్లాసు" అని ఎవరినీ బలవంతము చేయరాదు. వద్దన్నవాడు ఎందుకు వద్దన్నాడో మనకు తెలియదు. ఆ ఒక్క మాట పలుకుటకు అతడు ఎన్ని రాత్రులు కష్టపడినాడో కూడ తెలియదు.

బోరు ఎండినప్పుడు ఇంకొకరి బోరునుండి ఒక బిందె నీరు అడుగుట మన పల్లెలో సిగ్గు కాదు. మనసు ఎండినప్పుడు కూడ నలుగురిని అడుగుట సిగ్గు కారాదు. ఈ క్రొత్త సంవత్సరములో మనలో ఒక్కరైనను ఆ గడప దాటినచో ఈ పండుగ సార్థకమగును.